ధాతుపుష్టి – ఒక మాట చరిత్ర: లోహాలు, లైంగికారోగ్యం, తెలుగు వైద్యవాఙ్మయం

ప్రవేశిక

హైదరాబాదులో ఆదివారం నాడు ఆబిడ్స్ దుకాణాలు మూసి ఉన్నప్పుడు వాటి ముందరి కాలిబాట పాతపుస్తకాల అంగడిగా మారుతుంది. తెలుగు పరిశోధకులకు ఈ అంగడి కొత్తది కాదు. గ్రంథాలయ పట్టికల్లో కనబడని ప్రతులు ఇక్కడ దొరికిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ప్రబంధాల సంపుటాలకూ పోటీపరీక్షల గైడ్లకూ నడుమ ఇక్కడ తరచుగా తటస్థపడే పుస్తకజాతి మరొకటి ఉంది. అవి అట్ట ఊడిన వైద్యగ్రంథాలు, అనుభవయోగాల సంగ్రహాలు, గృహవైద్యపు చిన్నపుస్తకాలు. వీటిని తిరగవేస్తే ఏదో ఒకచోట 'ధాతుపుష్టి' అనే శీర్షిక ఎదురవుతుంది. అక్కడినుంచి నాంపల్లి వైపు నడిస్తే, 1907 నాటి రైల్వేస్టేషను పరిసరాల గోడల మీద అదే మాట ప్రకటనగా కనిపిస్తుంది.

ఈ మాటకు జనవ్యవహారంలో అర్థం స్పష్టమే: శుక్రవృద్ధి, సంభోగశక్తి. ఆ శక్తినిచ్చే మందులో ఏముందని అడిగితే భస్మం, సింధూరం, చంద్రోదయం వంటి పేర్లు వినబడతాయి. ఆ పేర్ల వెనుక ఉన్నవి పాదరసం, సీసం, తగరం, పాషాణం, ఇనుము, బంగారం. లోహానికీ లైంగికశక్తికీ ఈ ముడి ఏ మాటల మీదుగా పడింది? దాన్ని గురించి శాస్త్రగ్రంథాలు చెప్పినదెంత, ప్రకటనలు చెప్పినదెంత? ఆధునిక విజ్ఞానం తేల్చినదేమిటి? ఈ ప్రశ్నలను తెలుగు వాఙ్మయచరిత్ర వైపునుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. వైద్యసలహా ఇవ్వడం దీని పరిధిలోనిది కాదు. ఈ వ్యాసం ప్రతిపాదించేది ఒక్కటే. శ్లోకం నుంచి చిన్నపుస్తకానికి, చిన్నపుస్తకం నుంచి ప్రకటనకు, ప్రకటన నుంచి సీసా మీది చీటీకి ఈ వైద్యం ప్రయాణించిన దారిలో ప్రశంస తెలుగులోకి వచ్చింది, హెచ్చరిక వెనుకబడిపోయింది.

రెండు సప్తధాతువులు

ధాతుశబ్దం తెలుగు విద్యార్థికి మొదట వ్యాకరణంలో పరిచయమవుతుంది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి నేటి పాఠ్యపుస్తకాల వరకు క్రియకు మూలమైనది ధాతువు. ధరించేది, నిలిపి ఉంచేది అనే మూలార్థం నుంచే ఈ పారిభాషికార్థం వచ్చింది. ఆయుర్వేదంలో శరీరాన్ని నిలిపి ఉంచేవి ఏడు ధాతువులు: రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం. తిన్న ఆహారం ఒక్కొక్క ధాతువుగా పరిణమిస్తూ చివరకు శుక్రమవుతుందని సిద్ధాంతం. ఏడింటిలో కడపటిది, సారతమమైనది కావడం వల్ల వాడుకలో 'ధాతువు' అన్న సామాన్యనామమే శుక్రానికి ప్రత్యేకనామమైంది. ధాతుపుష్టి, ధాతునష్టం అనే సమాసాలు ఈ అర్థసంకోచం నుంచి పుట్టినవి.

ఇదే మాటకు ఖనిజం, లోహం అనే అర్థం కూడా ప్రాచీనమైనదే. శార్‌ఙ్గధరసంహిత లోహాలను ధాతువులని పేర్కొని వాటినీ ఏడుగా లెక్కించింది. 16వ శతాబ్దికి చెందిన భావప్రకాశం బంగారం, వెండి, రాగి, తగరం, తుత్తునాగం, సీసం, ఇనుము అనే ఏడింటిని పర్వతాలలో పుట్టిన సప్తధాతువులుగా వర్ణించింది. దేహంలో ఏడు, కొండలో ఏడు. సంఖ్య ఒకటే, పేరు ఒకటే. భావప్రకాశం చెప్పిన లోహోత్పత్తి కథలు ఈ రెంటి మధ్య హద్దును మరింత చెరిపివేస్తాయి. బంగారం అగ్నిదేవుని వీర్యం నుంచి, రాగి కార్తికేయుని వీర్యం నుంచి, సీసం వాసుకి వీర్యం నుంచి పుట్టాయని ఆ కథలు. పాదరసం శివవీర్యం కాగా, గంధకం పార్వతీదేవి రజస్సు. రసశాస్త్ర గ్రంథాలన్నిటికీ ఈ భావన సాధారణం.

'రస' శబ్దానిదీ ఇదే స్థితి. అలంకారశాస్త్రం చదివినవారికి అది కావ్యాత్మ. వైద్యునికి అది మొదటి దేహధాతువు. రసవాదికి అది పాదరసం. వీర్యమనే మాట శుక్రానికీ, ఔషధంలోని శక్తికీ ఒకటే. ఇన్ని శ్లేషలు ఒకచోట చేరినప్పుడు లోహం తింటే ధాతువు పెరుగుతుందన్న వాక్యం వేరే నిరూపణ అక్కరలేని సత్యంగా వినిపిస్తుంది. ఇక్కడ భాష తర్కానికి బదులుగా నిలబడింది. శ్లేష కావ్యంలో చమత్కారం. చికిత్సలో అదే ప్రమాణమై కూర్చుంటే ఫలితం వేరుగా ఉంటుంది.

ఆహారం నుంచి రసానికి

ఈ ముడి ఆయుర్వేదపు తొలిదశలోనే ఉన్నదనుకోవడం సరికాదు. చరకసంహిత చికిత్సాస్థానంలోని వాజీకరణాధ్యాయం నాలుగు పాదాలుగా ఉంది. అందులో ప్రాధాన్యం పాలు, నెయ్యి, మినుములు, గుడ్లు, మాంసరసం, పిప్పలి, చక్కెర వంటి ఆహారద్రవ్యాలది. మనస్సుకు నచ్చిన భార్యయే ఉత్తమవాజీకరణమని ఆ గ్రంథం భావించింది. పాదరసయోగాలకు ఆ అధ్యాయంలో చోటు లేదు.

మధ్యయుగంలో రసశాస్త్రం విస్తరించిన తరువాత ఈ చిత్రం మారింది. ఆ విస్తరణలో తెలుగునేలకు ముఖ్యమైన పాత్ర ఉంది. నిత్యనాథసిద్ధుని రసరత్నాకరంలోని రసాయనఖండం శ్రీశైలంలోని సిద్ధిస్థానాలను ప్రత్యేకంగా వర్ణించింది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణం ఆ క్షేత్రాన్నే వర్ణించగా, 15వ శతాబ్దిలో గౌరన నవనాథచరిత్ర సిద్ధుల కథలను ద్విపదలోకి తెచ్చింది. వేమన జీవితాన్ని గురించిన ఐతిహ్యాలలోనూ రసవాదం విడదీయరాని భాగం. శ్రీశైలం తెలుగు కవికి క్షేత్రం, రసవాదికి ప్రయోగశాల. తెలుగుదేశపు వైద్యుడు బసవరాజు రచించిన బసవరాజీయం 25 ప్రకరణాలలో సంస్కృతశ్లోకాలతో పాటు తెలుగు భాగాలను కలుపుకొని, రసౌషధాలను నిత్యచికిత్సలో భాగం చేసింది. ఆ గ్రంథ కాలనిర్ణయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నప్పటికీ తెలుగు వైద్యకుటుంబాలలో దాని ప్రచారం నిర్వివాదం. ఇంకొకవైపు కూచిరాజు ఎఱ్ఱన రతిరహస్యాన్ని కొక్కోకమనే పేరుతో తెలుగు పద్యకావ్యంగా మలచి, కామశాస్త్రాన్ని తెలుగు పాఠకునికి చేరువ చేశాడు.

రసౌషధాల నామకరణం సాహిత్యవిద్యార్థి ప్రత్యేకంగా గమనించదగినది. బంగారం, పాదరసం, గంధకం కలిపి వాలుకాయంత్రంలో వండిన ఎర్రని మందు మకరధ్వజం. అది మన్మథుని పేరు. ఇదే కోవలోనివి పూర్ణచంద్రోదయం, మన్మథరసం. వసంతకుసుమాకరమనే మాట వింటే మనకు ప్రబంధాలలోని ఋతువర్ణన గుర్తుకు వస్తుంది. ఆ మందు ప్రసిద్ధపాఠంలో బంగారం, వెండి, అభ్రకం, ముత్యం, పగడాలతో పాటు నాగభస్మం, వంగభస్మం ఉన్నాయి. నాగం సీసం, వంగం తగరం. దానిని మేహరోగాలకు, వాజీకరణకు విధించారు. శృంగారకావ్యపు పదజాలం లోహపు పేరును కప్పివేసిన తీరుకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

గ్రంథాలు చెప్పిన హెచ్చరిక

అయితే ఈ గ్రంథాలు లోహాన్ని గుడ్డిగా పొగడలేదు. ఈ అంశాన్ని విస్మరించి రసశాస్త్రాన్ని మూఢవిశ్వాసంగా కొట్టివేయడం చరిత్రకు అన్యాయం. రసగ్రంథాలు పాదరసానికి విషం, వహ్ని, మలం అనే సహజదోషాలను చెప్పాయి. నాగ, వంగాలు కలియడం వల్ల వచ్చే దోషాలను వేరుగా లెక్కించాయి. అంటే బజారులో అమ్మే పాదరసంలో సీసం, తగరం కల్తీ అవుతాయన్న ఎరుక ఆ రచయితలకు ఉన్నది. అందుకే శోధన, మారణ ప్రక్రియలు లేనిదే ఏ లోహాన్నీ లోపలికి ఇవ్వరాదని శాసించాయి.

మన విషయానికి అత్యంత సన్నిహితమైన సాక్ష్యం భావప్రకాశంలో ఉంది. శుద్ధిచేయని బంగారం మనుష్యుల బలవీర్యాలను హరిస్తుందని, శుద్ధిచేయని వెండి శుక్రనాశనం కలిగిస్తుందని ఆ గ్రంథం స్పష్టంగా చెబుతుంది. వీర్యాన్ని పెంచుతుందన్న లోహమే వీర్యాన్ని చంపగలదన్న ద్వంద్వస్వభావాన్ని గ్రంథకర్త గుర్తించాడు. పుష్టి ఒక పాదంలో ఉంటే నాశం మరొక పాదంలో ఉంది.

భస్మం సిద్ధమైనదో కాదో తెలుసుకోవడానికి పరీక్షలు కూడా ఏర్పడ్డాయి. నీటిమీద తేలడం వారితరం. వేళ్ల గీతల్లోకి ఇమిడిపోవడం రేఖాపూర్ణం. మళ్లీ కాల్చినా లోహరూపం పొందకపోవడం అపునర్భవం. ఆ కాలానికి ఇవి నిశితమైన పరిశీలనలు. కాని వీటికి ఒక హద్దు ఉంది. అపునర్భవం కొలిమిలో జరిగే పరీక్ష. అగ్నిలో లోహంగా తిరిగిరాని భస్మం జీర్ణాశయంలోని ఆమ్లంలో కరగదని ఆ పరీక్ష చెప్పజాలదు. మనం కాలానికి అతీతమైన ప్రమాణంగా ఎత్తిచూపే పరీక్షకూ, దేహంలో జరిగే రసాయనక్రియకూ ఉన్న ఈ అంతరమే తరువాతి వివాదాలకు కేంద్రం.

భస్మం, కుష్తా: రెండు భాషల నగరం

హైదరాబాదులో ఈ చరిత్రను సంస్కృతాంధ్రాల మేరకే చూడడం కుదరదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పరిచారకుడైన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం వల్ల ఆబిడ్స్ కు ఆ పేరు వచ్చింది. దాని పొరుగున ఉన్న గన్‌ఫౌండ్రీని పాతతరం తోప్ కా సాంచా అనేది. 18వ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమండ్ ఏర్పాటుచేసిన ఫిరంగుల పోతకర్మాగారం జ్ఞాపకం అది. ఈ పరిసరాలలో వైద్యునితో పాటు హకీము కూడా ఉన్నాడు. వైద్యుని భస్మానికి హకీము మాట కుష్తా. పారసీకంలో కుష్తా అంటే చంపబడినది. సంస్కృతంలో లోహాన్ని భస్మం చేసే ప్రక్రియ పేరు మారణం. రెండు సంప్రదాయాలూ లోహాన్ని 'చంపి' మందు చేశాయి. రెండు భాషలూ ఆ పనికి ఒకే క్రియను ఎన్నుకొన్నాయి. తగరాన్ని హకీములు కల్ఈ అన్నారు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించే తెలుగు ఇంటికి ఆ మాట అపరిచితం కాదు. తగరపు కుష్తాను హకీములు ప్రధానంగా జిర్యాన్ అనే అవస్థకు వాడారు. మన ధాతునష్టానికి అది ఉర్దూ పేరు.

ఈ ధాతునష్టభయాన్ని ఆధునిక మనోవైద్యం వేరే కోణంలో గుర్తించింది. 1960లో మనోవైద్యుడు ఎన్. ఎన్. విగ్ దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. శారీరకంగా లోపమేదీ లేకపోయినా శుక్రం నష్టమవుతున్నదన్న ఆందోళనతో నీరసం, నిద్రలేమి, లైంగికాసమర్థత అనుభవించే యువకుల స్థితి అది. ప్రపంచ ఆరోగ్యసంస్థ వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పులోనూ ఈ పేరు చోటుచేసుకొంది. మన ధాతుశబ్దం ఈ విధంగా అంతర్జాతీయ వైద్యపరిభాషలో ప్రవేశించింది. ఇందులోని విషాదం గమనించాలి. మాటవల్ల పుట్టిన భయానికి మాట పేరున్న మందే విరుగుడుగా అమ్ముడుపోతుంది. లేని రోగానికి ఉన్న లోహాన్ని మింగవలసిన స్థితి అది.

నిజమైన రోగాలకు లోహచికిత్స జరిగిన చరిత్ర కూడా విస్మరించదగినది కాదు. పోర్చుగీసువారి రాక తరువాత వ్యాపించిన ఫిరంగిరోగాన్ని, అంటే తెలుగులో సవాయిరోగాన్ని, భావప్రకాశం వర్ణించి రసకర్పూరాన్ని విధించింది. అదే కాలంలో ఐరోపా వైద్యులు కూడా ఆ రోగానికి పాదరసాన్నే వాడేవారు. నోటివెంట లాలాజలం ధారగా కారడం, పళ్లు ఊడడం అక్కడ చికిత్సలో భాగమే. 1910లో పాల్ ఎర్లిక్ తయారుచేసిన సాల్వర్సాన్ మార్కెట్టులోకి వచ్చిన తరువాత పాదరసం వెనకబడింది. అదీ పాషాణజన్యమైన మందే. పెన్సిలిన్ వచ్చేవరకు ఆ రోగానికి తూర్పుకూ పడమరకూ ప్రధానమార్గం విషలోహమే. కనుక లోహవైద్యం ఒక్క భారతీయుల పొరపాటు కాదు. మిగిలిన ప్రపంచం దాన్ని ఎప్పుడు, ఏ ప్రమాణంతో విడిచిపెట్టిందన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

అక్షరంలోని సీసం

తెలుగు సాహిత్యచరిత్రకు ఈ విషయంతో ఇంకొక ప్రత్యక్షసంబంధం ఉంది. అచ్చు అక్షరం సీసం, తగరం, ఆంటిమొనీల మిశ్రలోహం. వసంతకుసుమాకరంలోని నాగవంగాలే అచ్చుకూటపు గూళ్లలోనూ ఉన్నాయి. సుల్తాన్‌బజారులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసిన నాటినుంచి, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక ప్రారంభించిన నాటిమీదుగా, ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చేవరకు హైదరాబాదు తెలుగు అచ్చంతా ఈ లోహాన్ని వేళ్లతో ఏరి కూర్చినవారి శ్రమ. ధాతుపుష్టి చిన్నపుస్తకాలను కూర్చిన వేళ్లూ అవే.

1860లో ఫ్రెంచి వైద్యుడు కాన్‌స్తాంతిన్ పాల్ అచ్చు అక్షరాల తయారీలో పనిచేసే స్త్రీలలో గర్భస్రావాలు, మృతశిశుజననాలు అధికంగా ఉండడాన్ని గమనించి ప్రకటించాడు. సీసంతో పనిచేసే పురుషుల భార్యల గర్భాలకు కూడా హాని కలుగుతున్నదని అతడు సూచించాడు. లోహానికీ సంతానానికీ ఉన్న సంబంధంపై ఆధునిక వైద్యంలో తొలి పరిశీలనలలో ఒకటి అక్షరాల కార్ఖానాలోనే జరగడం అచ్చుపుస్తకం మీద బ్రతికే మనవంటివారు మరువరాని విషయం. పత్రికల చరిత్ర, ప్రచురణసంస్థల చరిత్ర రాసేటప్పుడు సంపాదకులతో పాటు కంపోజిటర్ల ఆరోగ్యం కూడా ఒక అధ్యాయం కావలసి ఉంది.

ఆధునిక విజ్ఞానం: అవసరం, విషం

ధాతుపుష్టి అనే భావనలో సత్యాంశం లేకపోలేదు. కొన్ని ఖనిజాలు లైంగికవికాసానికి అత్యవసరమని 20వ శతాబ్ది నిరూపించింది. ఆ నిరూపణ చేసినవారు భారతీయుడే కావడం విశేషం. బీహారులో పుట్టి, పట్నాలో వైద్యవిద్య చదివిన ఆనంద ప్రసాద్ ఇరాన్‌లోని షిరాజ్‌లో 21 ఏళ్ల రోగిని చూశారు. అతడు పదేళ్ల బాలునివలె ఉన్నాడు, జననాంగాలు వికసించలేదు, తీవ్రమైన రక్తహీనత ఉంది. అతని ఆహారం పులియని రొట్టె. మట్టి తినే అలవాటు కూడా ఉంది. 1961లో ఈ స్థితిని వర్ణించిన ప్రసాద్ తరువాత ఈజిప్టులో జరిపిన పరిశోధనలో కారణం జింకు, అంటే తుత్తునాగం, లోపమని చూపారు. జింకు ఇచ్చిన యువకులలో ఎదుగుదల, జననాంగవికాసం కలిగాయి. ధాన్యపు పొట్టులోని ఫైటేటు జింకును పేగులు గ్రహించకుండా అడ్డుకొంటుంది. 1974లో అమెరికా జాతీయ పరిశోధనమండలి జింకును మానవునికి ఆవశ్యకమైన ధాతువుగా అంగీకరించింది. 1996లో ప్రసాద్ బృందం జింకు తగ్గించిన ఆహారం 20 వారాలు తీసుకొన్న ఆరోగ్యవంతులైన యువకులలో టెస్టోస్టిరోన్ గణనీయంగా తగ్గినట్లు చూపింది. సెలీనియం కూడా శుక్రకణాల నిర్మాణానికి అవసరమని తేలింది.

ఇక్కడే ఒక విచక్షణ కావాలి. లోపాన్ని పూరించడం వేరు, పుష్టి కోసం అధికంగా ఇవ్వడం వేరు. 2020లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద అమెరికన్ పరీక్షలో సంతానం కోసం చికిత్స పొందుతున్న 2,370 జంటల్లోని పురుషులకు ఫోలిక్ ఆమ్లంతో పాటు జింకు గానీ, ఉత్తుత్తి మాత్ర గానీ 6 నెలలు ఇచ్చారు. జింకు వల్ల శుక్రకణాల నాణ్యత గానీ శిశుజననాల సంఖ్య గానీ పెరగలేదు. అవసరమైన ఖనిజానికే ఈ హద్దు ఉన్నది.

అవసరమే లేని లోహాల కథ దీనికి విపర్యయం. సీసం, పాదరసం, కాడ్మియం, పాషాణం వల్ల శరీరంలో నెరవేరే పని ఏదీ తేలలేదు. 1956లో కాడ్మియం ఎలుకల వృషణాలను ధ్వంసం చేయడాన్ని పారిజెక్, జాహోర్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆవర్తనపట్టికలో కాడ్మియం జింకు కిందనే ఉంటుంది. ఆ పోలిక వల్ల అది దేహంలో జింకు స్థానాన్ని ఆక్రమించగలదు. 1975లో రుమేనియాలో లాంక్రాంజాన్ బృందం బ్యాటరీ కార్మికులను పరీక్షించి, సీసం పెరిగినకొద్దీ శుక్రకణాల సంఖ్య, చలనం, ఆకారం దెబ్బతింటున్నాయని చూపింది. సీసం ఎముకలలో ఏళ్ల తరబడి నిలువ ఉండి, గర్భధారణకాలంలో తిరిగి రక్తంలోకి వచ్చి మావిని దాటి శిశువును చేరుతుంది. హానిచేయని సీసపు మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్యసంస్థ వైఖరి. జపానులోని మినమాటాలో 1956లో వెలుగుచూసిన విషాదం మిథైల్ పాదరసం గర్భస్థశిశువును ఎంతగా గాయపరచగలదో చూపింది.

మరి భస్మాల సంగతేమిటి? రసవైద్యుల వాదాన్ని న్యాయంగా చెప్పవలసి ఉంది. మకరధ్వజంలోని పాదరసం గంధకంతో కలిసిన రూపంలో ఉంటుంది. అది నీటిలో దాదాపు కరగదు. మినమాటాలోని మిథైల్ పాదరసంతో దాన్ని సమానం చేయడం శాస్త్రీయం కాదు. ఈ వాదంలో బలం ఉంది. కాని తక్కువగా కరగడం, కరగకపోవడం ఒకటి కావు. నెలల తరబడి సేవించేటప్పుడు ఆ భేదం పెరుగుతుంది. సీసభస్మానికి ఈ సమాధానం అసలే చాలదు. అదీకాక బజారులోని మందు గ్రంథంలోని మందు అవునా అన్న ప్రశ్న ఉంది. 2004లో రాబర్ట్ సేపర్ బృందం బోస్టన్ పరిసరాల దుకాణాలలో కొన్న 70 దక్షిణాసియా ఆయుర్వేద ఉత్పత్తులలో 14 సీసం, పాదరసం లేదా పాషాణం కలిగి ఉన్నాయి. 2008లో అంతర్జాలంలో కొన్న 193 ఉత్పత్తులలో 20.7 శాతంలో ఈ లోహాలు కనిపించాయి. 2011–2012లో న్యూయార్కు నగర ఆరోగ్యశాఖ ఆయుర్వేదమందులు వాడిన 6గురు గర్భిణులలో సీసవిషాన్ని గుర్తించింది. పరాయిదేశంలోనూ మనవారు నమ్మకంతో వెంట తీసుకువెళ్లినది ఈ మందునే.

చట్టం, చీటీ, భాష

స్వతంత్రభారతం ఈ రంగాన్ని పట్టించుకోకపోలేదు. 1954 నాటి ఔషధాలు, మాంత్రికచికిత్సల చట్టం సంభోగశక్తిని నిలుపుతామని, పెంచుతామని చేసే ప్రకటనలను నిషేధించింది. ఔషధ నియమావళిలోని జె షెడ్యూలు నపుంసకత్వం, శీఘ్రస్ఖలనం వంటివాటిని నయంచేస్తామని మందులు చెప్పుకోరాదని పేర్కొంది. 2005లో కేంద్రప్రభుత్వం ఎగుమతికి ఉద్దేశించిన కేవల మూలికా మందులలో భారలోహాల పరీక్షను తప్పనిసరి చేసింది. అది 2006 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. లోహమే ద్రవ్యమైన రసౌషధాలు స్వభావరీత్యా ఆ కొలతకు బయట ఉన్నాయి.

భాషాపరంగా మనకు అన్నిటికంటె ముఖ్యమైనది ఔషధ నియమావళిలోని 161వ నియమం. పారదం, రసకర్పూరం, హింగుళం, మనశ్శిల, తాళకం, గౌరీపాషాణం వంటి ఇ(1) షెడ్యూలు ద్రవ్యాలతో చేసి లోపలికి తీసుకొనే మందు సీసాపై వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక స్పష్టంగా ఉండాలని ఆ నియమం ఆదేశిస్తుంది. ఆ హెచ్చరిక ఉండవలసిన భాషలు రెండని కూడా అదే నియమం చెబుతుంది: ఇంగ్లీషు, హిందీ. తెలుగులో ఉండాలన్న నిర్బంధం లేదు.

ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా ఆ చిన్న నియమంలో ఉంది. మందు పేరు తెలుగువానికి చిరపరిచితం. దాని ప్రశంస తెలుగులో ఉంది, గోడమీద ఉంది, నూరేళ్ల చిన్నపుస్తకాలలో ఉంది. హెచ్చరిక మాత్రం అతడు చదవలేని లిపిలో ఉన్నా చట్టానికి చాలు. ఆబిడ్స్ కాలిబాట మీద ఈ వ్యాసకర్త పరిశీలించిన చిన్నపుస్తకాలలోనూ ఇదే తీరు. అనుపానం, మోతాదు, ఫలశ్రుతి తెలుగులో వివరంగా ఉన్నాయి. శోధనవిధి ఒక వాక్యానికి కుదించుకుపోయింది, లేదా పేరుకు మాత్రమే మిగిలింది. అశుద్ధలోహం శుక్రాన్ని నాశనం చేస్తుందన్న భావప్రకాశపు మాట వాటిలో కానరాలేదు. పూర్వగ్రంథం ఒకే చోట కూర్చిన రెండు సత్యాలలో ఒకదానిని అనువదించి మరొకదానిని వదలిపెట్టడాన్ని సంప్రదాయపరిరక్షణ అనలేము. అది సంప్రదాయాన్ని సగానికి కత్తిరించడం.

ఉపసంహారం

1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు ఈ హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, శాస్త్రవిషయాలను తెలుగులో చెప్పడం సాహిత్యసేవలో భాగమేనని నిరూపించారు. ఆచంట లక్ష్మీపతి వంటి వైద్యులు ఆ మండలికి రచయితలయ్యారు. తరువాతి తరంలో డాక్టర్ జి. సమరం వంటివారు వారపత్రికల ద్వారా లైంగికవిషయాలను భయసంకోచాలు లేకుండా తెలుగు పాఠకులకు చెప్పారు. కాని తెలుగుశాఖలలో వైద్యవాఙ్మయం ఇంకా ప్రధానంగా తాళపత్రాల వర్ణనగా, పారిభాషికపదాల పట్టికగా మిగిలి ఉంది. బోగులకుంటలోని సారస్వత పరిషత్తు గానీ, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో దశాబ్దాలు నడిచిన తెలుగు విశ్వవిద్యాలయం గానీ పెంచి పోషించిన పరిశోధనసంప్రదాయానికి ఈ దిశలో చేయవలసిన పని ఉంది.

ఆ పని మూడు విధాలు. వైద్యగ్రంథాలను పరిష్కరించేటప్పుడు రసయోగాలున్న ప్రతిచోట మూలంలోని దోషప్రకరణాన్ని కూడా టీకలో పూర్తిగా ఇవ్వాలి. నాగం సీసమని, గౌరీపాషాణం విషమని ఆ పుటలోనే చెప్పాలి. ధాతుపుష్టి, ధాతునష్టం వంటి మాటలకు మన నిఘంటువులు శాస్త్రార్థంతో పాటు వ్యవహారచరిత్రను కూడా నమోదు చేయాలి. విషద్రవ్యాలున్న మందుల మీది హెచ్చరిక రాష్ట్రభాషలో ఉండాలని అడగడం భాషోద్యమంలో భాగం కావాలి.

అశుద్ధలోహం వీర్యహరమని రాసిన పూర్వులు తమ కాలపు సాధనాలతో తాము చూడగలిగినంత చూసి, చూసినదాన్ని దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీయే వారి నుంచి మనకు రావలసిన వారసత్వం. ధాతువు అనే మాట వ్యాకరణంలో క్రియకు మూలం. దేహంలో సంతానానికి మూలం. కొండలో లోహానికి మూలం. మూడు అర్థాలను విడివిడిగా చూపడం తెలుగు చదివినవారికి తెలిసిన పనే. అర్థభేదం తెలియక మందు మింగేవాడు నాంపల్లి స్టేషనులో దిగినప్పుడు ఆ భేదం చెప్పే తెలుగు వాక్యం ఒకటైనా అతని కంట పడాలి.